బొజ్జ సంజీవని

అవతారిక

మా బావమరిది తణుకులో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం నాడు సత్యనారాయణ వ్రతం అయ్యి, భోజనాలయ్యి, విస్తళ్ళు ఎత్తేశాక అందరం కొత్త వీధిగుమ్మం ముందు గ్రూపు ఫోటోకి నిలబడ్డాం. కింద మూలంగా ఇచ్చిన వాక్యం అప్పుడు వెలువడింది. వక్త నా ధర్మపత్ని. ఎవరిని ఉద్దేశించి అన్నదో మూలంలో పేరు లేదు. చుట్టుపక్కల మగవాళ్ళు చాలామంది ఉన్నారు గనుక వ్యాఖ్యాత ఆ సంగతి మీద పట్టుబట్టదలచలేదు.

కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమ కొల్చారం వాడు. మూలంలో లేనిదీ, అక్కర లేనిదీ రాయనని ఆయన ప్రతిజ్ఞ పట్టాడు. ఈ వ్యాఖ్యాత అంతటి ప్రతిజ్ఞ పట్టలేడు. వడ్డన దగ్గరైనా, రాత దగ్గరైనా ‘చాలు’ అనడం అతనికి అలవాటు లేదు.

మూలం

“ఏమండీ! ఫోటో తీస్తున్నారు. కాస్త పొట్ట లోపలికి పీల్చండి.”

ప్రతిపదార్థం

ఏమండీ = ఓ నాథా (పెళ్ళయిన కొత్తలో), ఇదిగో మిమ్మల్నే (పదేళ్ళ తరవాత); ఫోటో = గోడకు వేలాడవలసినదియు, అంతకు ముందే వాట్సాప్‌లో చుట్టాలందరికీ చేరవలసినదియు నగు చిత్తరువును; తీస్తున్నారు = తీయుచున్నారు, అనగా వెనుదీయుటకు వ్యవధి లేదు; కాస్త = మీ వల్ల అయినంత; పొట్ట = చొక్కా నాలుగో గుండీని సతాయించుచున్నదానిని; లోపలికి = అది ఒకప్పుడు ఉండిన చోటికి; పీల్చండి = ఊపిరితో సహా లాగి బిగబట్టుడు.

రసం: నాయకుడికి కరుణం, చూసేవాళ్ళకు హాస్యం. నాయకుడు ధీరోదాత్తుడు కాడు, ధీరోదరుడు.

టీక

పొట్ట: ఇక్కడ కవయిత్రి పదాల ఎంపిక గమనించదగ్గది. కడుపు అనలేదు, అది ఆకలికీ కన్నప్రేమకూ చెందిన మాట. ఉదరం అనలేదు, అది స్కానింగ్ రిపోర్టులో ఉండవలసింది. బొజ్జ అంటే ముద్దు వచ్చేస్తుంది. అది చంటిపిల్లలకూ వినాయకుడికీ మాత్రమే చెల్లు. అందుకే పొట్ట అన్నది. వెనకటివాళ్ళు పొట్ట చేతబట్టుకొని ఊళ్ళు తిరిగారు. నాయకుడు కూడా చేతబట్టుకునే నిలబడ్డాడు గానీ, అర్థం వేరు. వరి పొట్టకొస్తే కంకి బయటికొస్తుంది. మనిషి పొట్టకొస్తే బెల్టుకు కొత్త చిల్లొస్తుంది.

సంస్కృతంలో పొట్టకు తుందమని పేరు. పొట్ట నిమురుకునేవాడు తుందపరిమృజుడు. ఈ మాటకు సోమరి అని అర్థం. పాణిని సూత్రంలోనే ఈయనకు చోటుంది. కాబట్టి అన్నం తిని వాలుకుర్చీలో వాలి, పొట్ట మీద చెయ్యి తిప్పుకోవడం రెండు వేల ఏళ్ళు దాటిన ఆచారం. వ్యాఖ్యాత సంప్రదాయవాది.

లోపలికి: ఇక్కడ శంక. ఈ పొట్ట బయట ఉన్నదా, లోపల ఉన్నదా?

సమాధానం. రెండు చోట్లా ఉంది. చర్మం కింద పేరుకుని, రెండు వేళ్ళతో పట్టుకుంటే దొరికేది ఒక కొవ్వు. పేగుల మధ్యా కాలేయం చుట్టూ సర్దుకుని కూర్చునేది ఇంకొకటి. మొదటిదానితో పేచీ పెట్టుకునేది ముఖ్యంగా అద్దం. రెండోది ఇన్సులిన్ మాట ఒంటికి వినపడకుండా చేసి చక్కెర జబ్బుకూ గుండె జబ్బుకూ దారి తీస్తుంది. ప్రతి పెళ్ళిలోనూ ఒక బాబాయి ఉంటాడు. డోలులా బిగిసిన పొట్ట మీద దరువేసి “ఇది కొవ్వు కాదురా, కండ” అంటాడు. ముందున్నది కండే, కాదనలేం. వెనక నుంచి దాన్ని తోస్తున్నదే కొవ్వు.

ఫోటోకి ఈ లోపలి సంగతి అందదు. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్యులు తమ ఫోటోనే సాక్ష్యంగా వేసుకున్నారు. ఒకరు పుణె చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్ జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనపడుతూనే కొవ్వు దాచుకోవడం మనవాళ్ళ విద్య. అందుకే నడుము కొలతలో ఐరోపా మగవాడికి 94 సెంటీమీటర్ల దాకా ఉన్న హద్దు మన మగవాడికి 90కే వచ్చేస్తుంది. మన ఆడవాళ్ళకు 80.

ప్యాంటు సైజు ఇందుకు ప్రమాణం కాదు. పొట్ట పెరిగేకొద్దీ ప్యాంటు దాని కిందికి జారి, పాత నంబరే చెబుతూ యజమాని పరువు కాపాడుతుంది. టేపును చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన చుట్టాలి. ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. బిగబట్టి చూస్తే ఆ అంకె ఫోటోకి పనికొస్తుంది, ఆరోగ్యానికి పనికిరాదు.

పీల్చండి: పొట్ట గోడలో కండరాలు పొరలు పొరలుగా ఉంటాయి. ముందు నిలువుగా దిగేది రెక్టస్. సినిమా హీరో చొక్కా విప్పగానే కనపడే ఆరు పలకలు దీనివే. దీన్ని అడ్డంగా కట్టిన నారపట్టీలు పలకలుగా విడగొడతాయి. ఆ పట్టీలు ఎన్ని, ఎక్కడ అన్నది పుట్టుకతోనే రాసి ఉంటుంది, జిమ్ములో మార్చరు. పక్కల్లో ఏటవాలుగా రెండు పొరలు. అన్నిటికంటే లోపల, నడుము చుట్టూ అడ్డంగా బిగిసే పొర ట్రాన్స్‌వర్స్. పూర్వం పొలం పనికి దిగే ముందు నడుముకు బిగించిన దట్టీ లాంటిది. పొట్ట పీల్చమన్నప్పుడు ముఖ్యంగా పని చేసేది ఇదే. కనుక ఫోటో కోసం నాయకుడు చేసింది అర నిమిషం వ్యాయామం. ఇన్నాళ్ళలో అదే మొదటిది.

పూర్వపక్షం

“అలాగైతే మామయ్యా, పొట్టకు పని చెబితే పొట్ట కొవ్వే కరగాలి గదా? నేను రోజుకు వంద క్రంచులు కొడతాను” అని మేనల్లుడు.

ఖండన. 1984లో అమెరికా పరిశోధకులు కొందరి చేత 27 రోజుల్లో తలా 5,004 సిటప్‌లు చేయించారు. ముందూ తరవాతా పొట్ట నుంచీ, వీపు నుంచీ, పిరుదుల నుంచీ కొవ్వు కణాలు తీసి కొలిచారు. మూడు చోట్లా ఒకే తీరున చిన్నవయ్యాయి. పొట్టకు ప్రత్యేకంగా రాయితీ ఏమీ దక్కలేదు. ఒంట్లో కొవ్వు ఊరి చెరువు లాంటిది. ఏ తూము ఎత్తినా మట్టం చెరువంతటా దిగుతుంది, తూము దగ్గర మాత్రమే గుంట పడదు.

మరి క్రంచులు వృథాయా? వృథా కావు. కొవ్వు తగ్గడం ఒక పని, కండ గట్టిపడటం వేరే పని. గట్టి దట్టీ నడుముకు ఆసరా. బియ్యం బస్తా ఎత్తినా, మనవరాలిని ఎత్తుకున్నా ఆ ఆసరా అక్కరకొస్తుంది. అందుకు వంద క్రంచులే కొట్టక్కర్లేదు. మోచేతుల మీదా కాలివేళ్ళ మీదా ఆని ఒళ్ళు కర్రలా నిలపడం (దీన్నే ప్లాంక్ అంటారు), పక్కకు తిరిగి ఒక మోచేతి మీద అలాగే నిలవడం, చేతులూ మోకాళ్ళూ నేలకు ఆన్చి ఒక వైపు చెయ్యీ రెండో వైపు కాలూ చాపడం చాలు. వీటిలో ఊపిరి బిగబట్టకూడదు.

వ్యాఖ్యాత అనుభవ ప్రమాణం కూడా చేర్చుతున్నాడు. మొదటి రోజు హాల్లో చాప పరచి ప్లాంక్ పట్టాడు. ఐదో సెకనుకు భుజాలు, పదో సెకనుకు పొట్ట వణికాయి. పన్నెండో సెకనుకు సోఫా కింద ఎప్పుడో పోయిన టీవీ రిమోట్ మూత కనపడింది. పదిహేడో సెకనుకు దాని పక్కనే వాలిపోయాడు. అది పోయిందని పనిమనిషిని అనుమానించినందుకు సిగ్గుపడ్డాడు కూడా. వ్యాయామం ఏదో ఒకటి కరిగించక మానదు.

పాఠాంతరం

ఫోటోగ్రాఫర్ కుర్రాడు “సార్, ఇంకొక్కటి” అన్నాడు. రెండో ఫోటోకి ముందు అదే కవయిత్రి నోట ఇంకో పాఠం వెలువడింది: “చాల్లెండి, ఊపిరి వదలండి, మొహం కందిపోయింది.”

‘పీల్చండి’, ‘వదలండి’ అన్న రెండు పాఠాల్లో ఏది సాధువు? వ్యాఖ్యాత మతం ప్రకారం రెండోదే. ప్రమాణాలు మూడు. టేపు ఊపిరి వదిలాకే చుట్టమంటుంది. యోగంలో పొట్టను వెన్నుకు అంటుకునేలా లాగే ఉడ్డియాన బంధం ఊపిరి పూర్తిగా వదిలాకే పడుతుంది. మూడోది ముఖ్యం. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ లెక్క కట్టారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్ అయ్యి ఊపిరితో పోతుంది. మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. పొట్ట కరిగి చెమటై కారుతుందని నమ్మి తువ్వాళ్ళు తడిపినవాళ్ళకు ఇది కొత్త వార్త. నోట్లోంచి వెళ్ళిన బూరె ముక్కులోంచి బయటికొస్తుంది.

అలాగని వాలుకుర్చీలో కూర్చుని గబగబా ఊపిరి వదిలితే తల తిరుగుతుంది, పొట్ట ఉన్నచోటే ఉంటుంది. ఊపిరి తనంత తాను పెరిగే పని చెయ్యాలి. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలనీ, రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

‘వదలండి’లో శ్లేష కూడా ఉంది. ఊపిరి వదలండి, విస్తరీ వదలండి. మన భోజనంలో అన్నం గుట్టగా ఉంటే కూర నంజుకోవడానికి ఉంటుంది. ఆ వరస తిరగేసి కూర నిండుగా, పప్పు చిక్కగా, అన్నం నంజుకోవడానికి పెట్టుకోవాలి. “రాత్రి ఏమీ తినలేదు, పెరుగన్నం మాత్రం” అన్న వాక్యంలో ‘మాత్రం’ అవ్యయం. పెరుగన్నం కెలోరీలు అవ్యయం కావు. పిండి పదార్థం గ్రాముకు 4 కెలోరీలు, నూనె గ్రాముకు 9. మూడో బూరె దగ్గర ఈ లెక్క గుర్తు రాదు, అదే దాని మహిమ.

తాత్పర్యం

ఓ నాథా! పొట్ట పీల్చితే ఫోటో వరకే నిలుస్తుంది. కండ గట్టిపడాలంటే ప్లాంకూ, కొవ్వు తగ్గాలంటే నడకా, వడ్డన దగ్గర అడ్డం పెట్టిన చెయ్యీ కావాలి అని కవి హృదయం. కవయిత్రిని అడిగితే “నేనన్నది అంతలేదు, మీ చొక్కా గుండీ ఊడిపోతుందని భయం” అన్నది. కవులకు తమ హృదయం తెలియదు, అందుకే వ్యాఖ్యాతలు ఉన్నారు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య కూర్చుని చదివినవారికి పొట్ట తగ్గదు. నడుస్తూ విన్నవారికి తగ్గవచ్చు. పండితుడికి డొక్కశుద్ధి ఉండాలని పెద్దలు ఊరికే అనలేదు, శుద్ధి ఎక్కడ జరగాలో ఆ మాటలోనే పెట్టారు.

రెండు ఫోటోలూ వచ్చాయి. మొదటిదాంట్లో ఒకాయనకు పొట్ట లేదు, కళ్ళు మాత్రం పొట్టంత ఉబ్బి ఉన్నాయి. రెండోదాంట్లో పొట్ట ఉంది, నవ్వూ ఉంది, నాలుగో గుండీ లేదు. గుండీ దొరికింది, చొక్కా వ్యాఖ్యాతదే.