ఏడిస్తే మంచిదే అన్న రోజులు

మా రోజుల్లో అని నేను మొదలుపెట్టగానే, నర్సింగు చదువుతున్న మా మనవరాలు "అమ్మమ్మా, మళ్లీనా?" అంటుంది. మళ్లీనే. వరంగల్ జిల్లా ఒకటే ముక్కగా ఉన్న కాలంలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. జనగామ, మానుకోట, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న వేరువేరు జిల్లాలయ్యాయంటే నా నోటికి ఇప్పటికీ అలవాటు కాలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే. నెలలు నిండకుండా పిల్ల ఏ మూల పుట్టినా, గుడ్డలో చుట్టుకుని వరంగల్ పెద్ద దవాఖానకు పరుగెత్తాలి. 60, 70 కిలోమీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కొందరు బస్సులో, కొందరు అరువు జీపులో, డోర్నకల్ వైపు వాళ్లయితే ప్యాసింజరు రైల్లో. కొత్తగూడ అడవి పల్లెల నుంచి వచ్చేసరికి పిల్ల అరికాళ్లు మంచుగడ్డలు.

వచ్చాక మాత్రం ఏముండేది? తొట్టి మీద వేలాడే కరెంటు బల్బు, ఒంటి చుట్టూ దూది, పక్కన వేడినీళ్ల సీసాలు. కరెంటు పోతే సీసాలే దిక్కు. గుమ్మం దగ్గర ముసలమ్మలు "ఏడో నెల పిల్ల బతుకుతది, ఎనిమిదో నెల పిల్ల బతకదు" అని తీర్పు చెప్పేవాళ్లు. అది వట్టి మాట. కడుపులో ఎన్ని వారాలు ఎక్కువుంటే బిడ్డకు అంత బలం. అయినా ఆ మాట విని ఎనిమిదో నెల బిడ్డ మీద ముందే ఆశ వదులుకున్న ఇళ్లు ఉండేవి.

ఇక నొప్పి సంగతి. ఆ రోజుల్లో దాని ఊసే లేదు. సూది గుచ్చితే పిల్ల ఏడ్చేది. "ఏడవనీ, ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి" అనేవాళ్లు పెద్దలు. పసిపిల్లల నరాలు ఇంకా ముదరలేదు, నొప్పి అంతగా తెలియదు అని పుస్తకాలే చెప్పేవి. మన దగ్గరే ఇట్లా అనుకోకండి. అమెరికాలో 1980ల నడుమ దాకా నెలలు నిండని పిల్లలకు గుండె దగ్గర ఆపరేషన్ చేస్తూ, కదలకుండా కండరాలు సడలిపోయే మందిచ్చి, నొప్పి తెలియకుండా చేసే మందు సరిగా ఇవ్వని ఆస్పత్రులు ఉండేవి. అట్లా ఆపరేషన్ జరిగి చనిపోయిన తన బిడ్డ సంగతి వాషింగ్టన్‌లో ఒక తల్లి బయటపెట్టాకే అక్కడ జనం ఉలిక్కిపడ్డారు. ఇండోర్‌లో డాక్టరీ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ 1987లో పసికందులకూ నొప్పి తగులుతుందని ప్రయోగం చేసి చూపించాడు. ఆపరేషన్‌లో ఫెంటనిల్ అనే నొప్పి మందు కూడా ఇచ్చిన పసికందుల ఒంట్లో బెదురు తక్కువ, తర్వాత వచ్చే చిక్కులూ తక్కువ. అంటే నొప్పి తెలియదన్నది అబద్ధమని తేల్చడానికి ఒకడు సప్తసముద్రాలు దాటాల్సి వచ్చింది. పక్కలో పడుకోబెట్టుకున్న తల్లినడిగితే ఊరికే చెప్పేది.

నిజం ఇంకా తలకిందులు. ఒంట్లో నొప్పిని తగ్గించుకునే ఏర్పాటు వెన్నుపాములో, మెదడులో మెల్లగా తయారవుతుంది. నెలలు తక్కువైన పిల్లకు అది ఇంకా రాలేదు కాబట్టి నొప్పి మనకంటే ఎక్కువే తగులుతుంది. పైగా ఆ పిల్ల చాలాసార్లు ఏడవదు. ఏడవడానికి శక్తి ఉండాలి కదా. గొంతులో గొట్టం ఉంటే ఏడ్చినా చప్పుడు రాదు. నుదురు ముడిపడుతుంది, కళ్లు గట్టిగా మూసుకుంటాయి, ముక్కు పక్కన గీత లోతవుతుంది, గుండె వేగం పెరిగి ఆక్సిజన్ అంకె దిగుతుంది. మా మనవరాలి పుస్తకంలో వీటికి మార్కులు వేసే పట్టిక ఉంది. జ్వరం రాసినట్టే నొప్పినీ చార్టులో రాయాలట. బాగుంది. రాసేవాళ్లెందరో చూడాలి.

నా సణుగుడు అసలు ఇక్కడ. అప్పట్లో పరీక్షలు తక్కువ, సూదులూ తక్కువే. పిల్లలు నిలిచేవాళ్లు కాదు, అది వేరే సంగతి. ఇప్పుడు పిల్లల్ని నిలబెడుతున్నారు, దండం పెట్టాల్సిందే. కానీ రోజుకెన్ని సార్లు గుచ్చుతున్నారు? పారిస్ చుట్టుపక్కల 13 వార్డుల్లో 430 మంది పసికందుల మీద లెక్క తీసి 2008లో అచ్చేశారు. ఒక్కో పిల్లకు రోజుకు 10 దాకా నొప్పి పుట్టించే పనులు. నూటికి 79 సార్లు దానికోసమని ఉపశమనం ఏదీ ఇవ్వలేదు. డబ్బూ మనుషులూ ఉన్న పారిస్‌లోనే ఆ గతి. ఒక్క నర్సు చేతి కింద అన్ని తొట్లున్న మన వార్డుల సంగతి నేను చెప్పాలా?

దీనికి కోట్లు అక్కర్లేదు, అదే నా కడుపుమంట. గొట్టం వేసినప్పుడు, ఆపరేషన్ అయినప్పుడు మత్తుమందులు డాక్టర్లు చూసుకుంటారు. కానీ మడమ పొడిచే సూదికి కావాల్సింది, రెండు నిమిషాల ముందు నాలుక మీద నాలుగు తల్లిపాల చుక్కలు. పాలు రాకపోతే వార్డులో కొలిచిచ్చే చక్కెర నీళ్లు. ఇంట్లో కలిపి పట్టకండి, అది వేరే ప్రమాదం. ఒకరు రక్తం తీస్తుంటే ఇంకొకరు పిల్ల కాళ్లూ చేతులూ దగ్గరకు మడిచి, కడుపులో ఉన్నట్టు రెండు అరచేతుల్లో పట్టుకోవాలి. రక్తం కాస్త ఎక్కువ కావాలంటే మడమ పిండే కంటే, చేయి తిరిగినవాళ్లు రక్తనాళం నుంచి తీస్తేనే బాధ తక్కువ. టేపు పీకేటప్పుడు తడిపి పీకాలి, ఆ చర్మం ఉల్లిపొరే. లైట్లు తగ్గించాలి, సెల్లులో పాటలు ఆపాలి. ఇందులో టెండరు పిలవాల్సింది ఏమన్నా ఉందా? లేదు కాబట్టే ఎవరికీ పట్టదు. మిషన్ వస్తే రిబ్బన్ కట్ చేస్తారు, పాల చుక్కకు ఎవరు కట్ చేస్తారు?

అన్నిటికన్నా పెద్ద మందు వరండాలో గచ్చు మీద కూర్చుని ఉంటుంది. తల్లి. చాలాచోట్ల లోపలికి రానివ్వరు. పిల్లను రొమ్ము మీద వేసుకుని కొంగు కప్పుకోవడం మన ముసలివాళ్లకు కొత్త కాదు. దాన్నే 1978లో బొగోటాలో, పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు చాలక ఎడ్గర్ రే అనే డాక్టరు పద్ధతిగా మొదలుపెడితే కంగారూ సంరక్షణ అయింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో పాటు ఆఫ్రికాలో నాలుగు ఆస్పత్రుల్లో చూశారు. పుట్టగానే తల్లి ఒంటికి ఆనించి ఉంచిన కిలో, కిలోముప్పావు పిల్లల్లో చావులు నూటికి 25 వంతులు తగ్గాయని 2021లో తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పిల్ల కుదుటపడేదాకా ఆగొద్దు, వెంటనే మొదలుపెట్టండని చెప్పేసింది. తల్లి ఛాతీ మీద ఉండగానే సూది వేస్తే పిల్ల బెదురు తగ్గుతుంది. తండ్రి కూడా పెట్టుకోవచ్చు. "మగోడు బనీను విప్పి పిల్లను ఎత్తుకుంటడా?" అని నవ్వే అత్తలూ, నవ్వుకోండి, పిల్ల బతుకుతుంది.

మన పాతకాలమంతా బంగారమని నేననడం లేదు. పచ్చి పిల్లకు పొట్ట మీద వాతలు పెట్టినవాళ్లు మనమే. సాంబ్రాణి పొగలో ఊపిరాడకుండా చేసిందీ మనమే. అవి ఇంకా అక్కడక్కడా సాగుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక నిలవదని తేలిన పిల్ల సంగతి. మా రోజుల్లో గుడ్డలో చుట్టి తండ్రి చేతిలో పెట్టేవాళ్లు, అంతే. ఇప్పుడైనా సూదులు తీసేసి, నొప్పి లేకుండా చూసి, చివరి గంటలు తల్లి ఒడిలో ఉండనివ్వాలి. దానికీ డబ్బు ఖర్చు కాదు.

2022లో మానుకోటకు, 2023లో జనగామకు, భూపాలపల్లికి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మా కాలంలో కలలో కూడా లేని మాట. ఆ కాలేజీల పెద్దలకు ఒక ముసలి నర్సు విన్నపం ఇది. పసిపిల్లల వార్డులో వార్మర్ పక్కన తల్లికి కుర్చీ వేయండి, ఆమెకు మూడు పూటలా అన్నం పెట్టండి. ఇళ్లల్లో ఉన్న మీరు, మీ పిల్ల బాక్సులో ఉంటే, సూది పట్టుకొచ్చిన సిస్టరును గొడవ పెట్టుకోకుండా ఒక్క మాట అడగండి: "సిస్టరమ్మా, ముందుగాల నాలుగు చుక్కలు పాలు పెట్టనా?"