గడీల పెండ్లి, వెట్టి ఫ్రీ

గోదావరికీ మానేరుకూ నడుమ ఏ ఊళ్లోనైనా దొరల పాత గడీ కనబడితే చాలు, మనవాళ్లకు ఫోను జేబులో ఆగదు. అద్దె షేర్వాణీలో పెళ్లికొడుకు బురుజుకు ఆనుకుంటాడు. పెళ్లికూతురు దిడ్డి దర్వాజలోంచి వంగి బయటికొచ్చి, ‘అబ్బ, ఎంత ముద్దుగుందో’ అంటుంది. పెద్ద దర్వాజ దొర బండికి తెరుచుకునేది, వంగడం మిగతా ఊరి వంతు. ఆ సంగతి రీల్లో పట్టదు.

గడీ భక్తులకు లెక్కలు బాగా వచ్చు. టేకు దూలాలెన్ని, గోడ మందమెంత, గుక్క తిప్పుకోకుండా చెబుతారు. డంగుసున్నంలో బెల్లం, కరక్కాయ కలిపారని కళ్లు పెద్దవి చేస్తారు. ఆ గానుగ తోలినవాడికి కూలి ఎంతిచ్చారని అడగండి, కెమెరా ఆగిపోతుంది. జగిత్యాల కోటదీ ఇదే వరస. 1747లో ఇబ్రహీం ఖాన్ ధంసా కట్టించాడు, నక్షత్రం నమూనా ఫ్రెంచి ఇంజనీర్లు జాక్, తాల్‌లదంటారు. కందకం మాత్రం ఊరివాళ్లు సరదాకు తవ్వుకున్నట్టున్నారు.

సరే, వారసత్వమే. కాదన్నదెవరు? అయితే సగం వారసత్వమెందుకు, పూర్తి ప్యాకేజీ ఇద్దాం. గడీలో పెళ్లికొచ్చేవాళ్లు చెప్పులు చేతపట్టుకుని రావాలి. మేకప్ అమ్మాయి, డీజే, వంటవాడు అందరూ వెట్టి. మేకపోతును వంటవాడే ఇంటినుంచి తోలుకొస్తాడు. పనివాళ్ల బట్టలు సిరిసిల్ల నేతన్న ఊరికే నేసిస్తాడు. కోరుట్లనుంచి డ్రోను తెచ్చిన తమ్ముడు పొద్దుగూకేదాకా ఎగరేసి బిల్లు తీస్తే, ‘ఏందిరా, దొర ఇంట్ల పెండ్లికి పైసలడుగుతవా?’ అనాలి. వాడు ‘నీ బాంచెన్’ అని డ్రోను మడిచి సంకన పెట్టుకోవాలి. కవర్లో ఎంత పెట్టాలన్నది అతిథి ఇష్టం కాదు. దొర ఇంట్లో పెండ్లయితే ఊరు కానుక చెల్లించాల్సిందే, అదీ వారసత్వమే కదా. చిక్కొక్కటే. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి ఈ ప్యాకేజీకి అడ్డం పడింది.

ఇంతలో ఎవరో ఒకరు లేస్తారు: ‘అందరు దొరలూ అట్లనే ఉన్నరా? మా తాత మంచోడు.’ నిజమే. ఇప్పటిదాకా నాకు తగిలిన ప్రతి గడీ వారసుడి తాతా మంచోడే. చెడ్డ దొరలంతా పక్కూళ్లో ఉండేవాళ్లట.

అమెరికాలో మిసిసిపీ ఒడ్డున బానిసలతో చెరుకు పండించిన దొరల భవంతులూ ఇలాగే పెళ్లి మండపాలయ్యాయి. అక్కడ కనీసం గొడవన్నా అయింది. 2019లో పింటరెస్ట్ వంటి సంస్థలు అలాంటి పెళ్లిళ్లకు ఇక ప్రచారం చేయబోమన్నాయి. లూసియానాలో విట్నీ అనే తోటను బానిసల కథ చెప్పే మ్యూజియంగా 2014లో తెరిచారు. మన దగ్గర చర్చ ఇంకా లైటింగు దగ్గరే ఉంది.

రీళ్లన్నిట్లో నాకు బాగా నచ్చేది ఆ గంభీరమైన గొంతు: ‘కాలం కాటుకు శిథిలమైన వైభవం...’ పాపం, కాలం మీద ఎంత అభాండం! 1978 సెప్టెంబరులో దొరల పెత్తనం మీద లేచిన రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్రకు పల్లెలు కదిలి వచ్చాయి. మొండికేసిన దొరలను ఊళ్లు వెలివేశాయి. చాకలి పోలేదు, మంగలి పోలేదు, జీతగాళ్లు పోలేదు. అక్టోబరులో సర్కారు సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఎవరికి కల్లోలమో వేరే చెప్పాలా? దొరలు కరీంనగర్‌కో హైదరాబాద్‌కో సామాన్లు సర్దుకున్నారు. నీళ్లు తోడేవాడు లేని ఇంట్లో ఎంత వైభవమైనా ఎన్నాళ్లుంటుంది?

కాబట్టి వాయిస్ ఓవర్ తమ్ముడూ, స్క్రిప్టులో ‘కాలం’ కొట్టేసి ‘ఊరు పనికి పోలేదు’ అని రాసుకో. వ్యూస్ పడిపోతే ఆ నష్టం గడీ వారసులనే అడుగు. మంచి దొరల మనవలు కదా, కాదంటారా?