రాసేది తనే, మెచ్చేది తనే

బ్రిటన్‌లో సొంతంగా పుస్తకాలు వేసుకునే నవలాకారుడికి పనులు మూడు: అచ్చు, ప్రచారం, సవరణ. వెనకటికి రాయడం అనే నాలుగో పని కూడా ఉండేది. ఇప్పుడది మిగతా మూడూ ముగిశాక, తీరిక దొరికితే.

అచ్చు వేసుకోవడంలో తప్పు లేదు. ప్రచురణకర్తలు తిప్పి పంపితే బియాట్రిక్స్ పాటర్ 1901 డిసెంబరులో తన సొమ్ముతోనే ‘ద టేల్ ఆఫ్ పీటర్ రాబిట్’ 250 ప్రతులు వేయించింది. వద్దన్నవారిలో ఒకరైన ఫ్రెడరిక్ వార్న్ సంస్థే మరుసటి ఏడాది దాన్ని ప్రచురించింది. యార్క్‌షైర్‌లో జి.పి. టేలర్ అనే చర్చి పాదరీ మోటారుసైకిలు అమ్మి 2002లో ‘షాడోమాన్సర్’ అచ్చు వేసుకున్నాడు. జేబుకు చిల్లు పడుతుందన్న భయంతోనైనా రచయిత తన రాతప్రతిని ఇంకొక్కసారి చదువుకునేవాడు. అమెజాన్ ఈ-పుస్తకాల వేదిక కిండిల్ ఆ భయం తీర్చింది. పైసా పెట్టనక్కర్లేదు, ధర 1.77 పౌండ్లకూ 9.99 పౌండ్లకూ మధ్య ఉంటే 70 శాతం రాయల్టీ. రచయిత ఒక్కడు రోజుకు మూడు కొత్త పుస్తకాలకు మించి ఎక్కించరాదని అమెజాన్ 2023లో హద్దు గీయవలసి వచ్చింది. మూడింటితో సరిపెట్టుకోవడం ఎంత కష్టమో పాపం!

ప్రచారం దగ్గరే అసలు ప్రతిభ బయటపడుతుంది. దొంగ సమీక్షలను నిషేధించే చట్టం 2025 ఏప్రిల్ 6న అమల్లోకి వచ్చింది కాబట్టి, నిషేధం పాలైన ఈ స్వీయ సమీక్షా కళ చరిత్రను ఒకసారి తలుచుకోవాలి.

ఆద్యుడు కాకపోయినా ఆరాధ్యుడు సర్ వాల్టర్ స్కాట్. ‘టేల్స్ ఆఫ్ మై ల్యాండ్‌లార్డ్’ పేరు దాచుకుని రాశాడు. తను రహస్య భాగస్వామిగా ఉన్న బాలంటైన్ అచ్చాఫీసులో తన నవలలు అచ్చు వేయించేవాడు. 1817లో క్వార్టర్లీ రివ్యూలో, మిత్రుడు విలియం ఎర్‌స్కిన్ తోడుగా, మళ్లీ పేరు దాచుకుని ఆ పుస్తకాన్ని తనే సమీక్షించాడు. 1963లో ఆంథొనీ బర్జెస్ మారుపేరుతో రాసిన నవల సమీక్ష కోసం యార్క్‌షైర్ పోస్ట్ నుంచి అతని చేతికే వచ్చింది. సంపాదకుడు సరదా చేస్తున్నాడనుకుని రాసిచ్చాడు, సమీక్షకుడి ఉద్యోగం ఊడింది. ఆనాటి పత్రికకు ఆపాటి రోషం ఉండేది.

2012 జులైలో హారోగేట్ నేరకథల ఉత్సవంలో స్టీఫెన్ లెదర్ వేదిక మీదే తన పద్ధతి చెప్పాడు. పెద్ద సంస్థ ప్రచురించే రచయిత అయ్యుండి, కిండిల్‌లో సొంతంగానూ వేసుకుంటాడు. ఇంటర్నెట్‌లో రకరకాల పేర్లతో తిరుగుతూ తన పుస్తకాల గురించి మాట్లాడతాడట. ఒక్కోసారి తనతో తనే సంభాషిస్తాడట. పాత్రపోషణలో ఇంత శ్రమ నవలలోనే పెట్టవచ్చు కదా అని సభలో ఎవరికీ తోచినట్టు లేదు.

రెండు నెలలు తిరక్కుండానే నేరకథల రచయిత ఆర్.జె. ఎలరీ దొరికిపోయాడు. ఆకలితో చేశాడనడానికి లేదు. ఓరియన్ లాంటి పెద్ద సంస్థ రచయిత, 2010లో థీక్‌స్టన్స్ నేరకథా బహుమతి అందుకున్నవాడు. దొంగపేర్లతో తన నవలలకు అయిదేసి నక్షత్రాలు వేసుకుని, వాటిని కళాఖండాలని మెచ్చుకున్నాడు. అవే ముసుగుల్లో తోటి నేరకథా రచయితలు మార్క్ బిల్లింగ్‌హామ్, స్టూవర్ట్ మెక్‌బ్రైడ్‌ల పుస్తకాలను తీసిపారేశాడు. ఆత్మస్తుతి, పరనింద రెండూ ఒకే కీబోర్డు మీద. మన ప్రబంధకవులూ అవతారికలో తమ గొప్ప చెప్పుకున్నారు, కుకవినింద చేశారు. కానీ పేరు, గోత్రం చెప్పి మరీ చేశారు. ఆ అహంకారానికి పూచీ వాళ్లదే. ఎలరీని బయటపెట్టింది జెరెమీ డన్స్ అనే తోటి రచయిత. ఎలరీ క్షమాపణ చెప్పాడు. ఇయాన్ రాంకిన్, వాల్ మెక్‌డెర్మిడ్ సహా దాదాపు యాభైమంది రచయితలు ఈ పనిని ఖండిస్తూ లేఖ రాశారు.

దీన్ని మార్కెటింగ్ అని పిలవడం సిగ్గులేనితనం. ఇది మోసం. పుస్తకం కొనేవాడు డబ్బుతో పాటు పది గంటల జీవితం కూడా ఇస్తాడు. సమీక్ష తన లాంటి పాఠకుడొకడు నిజాయితీగా చెప్పిన మాట అనుకుని ఇస్తాడు. ఆ పాఠకుడి కుర్చీలో రచయిత ముసుగేసుకుని కూర్చుంటే అది దొంగతనం. పరనింద ఇంకా నీచం. రాయడమే ప్రధాన వృత్తిగా ఉన్న బ్రిటిష్ రచయిత మధ్యస్థ వార్షికాదాయం 7,000 పౌండ్లని రచయితల హక్కుల సంఘం 2022 సర్వేలో తేలింది. అంతంతమాత్రపు తిండి తినేవాడి పుస్తకానికి చీకట్లో ఒక నక్షత్రం విసరడం సాహిత్య వివాదం కాదు, పొట్ట కొట్టడం. దీన్ని ఆపడానికి పార్లమెంటు చట్టం కావలసి వచ్చిందంటే సిగ్గుపడవలసింది ఎవరో వేరే చెప్పాలా?

ఇక సవరణ. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ను 1831లో, జాన్ ఫౌల్స్ ‘ద మేగస్’ను 1977లో తిరగరాశారు. ఇద్దరూ ముందుమాట రాసి, కొత్త కూర్పని చెప్పి మరీ విడుదల చేశారు. పాత కూర్పు కావలసినవాడికి అదీ దొరుకుతుంది. ఈ-పుస్తకానికి ఆ మర్యాద అక్కర్లేదు. రాత్రికి రాత్రి అధ్యాయం మాయం కావచ్చు, హంతకుడు మారిపోవచ్చు. పాత ప్రతికి పడిన నక్షత్రాలు మాత్రం కొత్తదాని మీద చెక్కుచెదరకుండా ఉంటాయి. దిద్దినప్పుడల్లా తేదీ వేసి, ఏం మార్చారో ఒక్క పేజీలో చెప్పడం రచయితకు పెద్ద పని కాదు. తనను తాను పొగుడుకోవడానికి పది పేర్లు పుట్టించగలిగినవాడికి అసలే కాదు.