చెవిలో దండోరా

టెండరు అనగా ప్రభుత్వం తనకు కావలసిన పనినో సరుకునో పేర్కొని, అర్హులైన వారెవరైనా ధర చెప్పవచ్చునని అందరికీ తెలిసేలా చేసే ప్రకటన. పాత మాటల్లో చెప్పాలంటే అది దండోరా. ఆ దండోరాను ఊరి నడుమ కాక, టీ అంగడి వెనక్కి ఒక్క మనిషిని పిలిచి అతని చెవిలో మాత్రమే వేసే విద్య తెలిసినవాడిని 'టెండరు పెద్దమనిషి' అనవచ్చు. ఈ జాతి అన్ని జిల్లాల్లోనూ ఉన్నా, రాయలసీమలోని చిలమత్తూరు వంటి నేల దానికి మరింత అనుకూలిస్తుంది.

అందుకు కారణం లేకపోలేదు. వాన మొహం చాటేసిన ఏడాది రైతు చేతిలో డబ్బు ఆడదు, రైతు కొనకపోతే బోరు బండి యజమానికీ, సిమెంటు ఇటుకలు చేసేవాడికీ, బడి పిల్లల యూనిఫారాలు కుట్టేవాడికీ బేరం ఉండదు. కాబట్టి వానతో సంబంధం లేకుండా డబ్బు ఇవ్వగల ఏకైక ఖాతాదారుగా వారికి ప్రభుత్వమే కనిపిస్తుంది. పైగా పెద్ద కాగితాలు ఈ ప్రాంతానికి కొత్త కావు: లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో వేల ఎకరాలు సేకరించారు, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ జాతీయ రహదారి మీద నిలబడితే పెనుకొండ కియా కార్ల లారీలు కనిపిస్తాయి. ఇంత చూసిన కళ్ళకు మరో అయిదు వందల బోర్ల టెండరు నమ్మరానిదిగా తోచదు.

పెద్దమనిషి వేషం నిరాడంబరమైనది: ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, చంకలో ప్లాస్టిక్ ఫైలు, చేతిలో రెండు ఫోన్లు. రెండో ఫోను మోగగానే కుర్చీలోంచి లేచి నిలబడి 'సార్, సార్' అనడం ఇతని ప్రధాన లక్షణం. అవతల ఉన్నది ఇతని బావమరిదే అయినా ఆ వినయంలో లోపం రాదు. 'అన్నా, ఫైలు సారు టేబుల్ మీదనే ఉండాది, మూడో మనిషికి తెలిసిందంటే చెడిపోతాది' అని చెప్పేటప్పుడు గొంతు తగ్గుతుంది. ఫైల్లోని పని ఆదేశంపై రెండు సింహాల ముద్రలు, మూడు సంతకాలు ఉంటాయి. కాకపోతే ఒక్కోసారి ఆ ముద్రలో ఇంకా అనంతపురం కలెక్టరే ఉంటాడు. చిలమత్తూరు 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారిన సంగతి, పాపం, ముద్రలు చెక్కేవాడి దాకా చేరలేదు.

ఇతడు తనకోసం పైసా అడగడు. అడిగేదంతా ధరావతు కోసమే. ధరావతు అనగా టెండరు వేసినవాడు మధ్యలో వెనుదిరగకుండా ముందే కట్టే హామీ సొమ్ము. కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి ఆర్థిక నియమావళి ప్రకారం అది సాధారణంగా అంచనా విలువలో 2 నుంచి 5 శాతం, పని దక్కనివారికి అది తిరిగి వస్తుంది, నిర్దేశించిన సూక్ష్మ, చిన్న సంస్థలకైతే మినహాయింపే ఉంది. ఏదేమైనా అది ప్రభుత్వ ఖాతాకు చేరవలసిన సొమ్ము గనుక, దాన్ని ఫలానా వ్యక్తి ఫోను నంబరుకు పంపమన్న క్షణంలోనే కథ ముగిసినట్టు లెక్క. అసలు దండోరా వినాలంటే ఉమ్మడి రాష్ట్రంలో 2003లో మొదలైన ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదికలోనో, 2016లో వచ్చిన కేంద్రపు 'జెమ్' వేదికలోనో టెండరు సంఖ్యను వెతికితే చాలు. అయితే ఆ చిరునామా 'జీఓవీ డాట్ ఇన్' అనే ముగియాలి. కాగితంపై ఉన్న నంబరుకు కాక, కార్యాలయపు నంబరును వేరేచోట కనుక్కొని ఫోను చేస్తే పెద్దమనిషికి వెంటనే అత్యవసర ప్రయాణం తగులుతుంది.

ఈ వంశానికి మూలపురుషుడు పారిస్‌లో ఉన్నాడు. 1925లో విక్టర్ లుస్టిగ్ అనే ఘనుడు తపాలా శాఖ అధికారినని చెప్పుకొని, పాత ఇనుము వర్తకులను ఖరీదైన హోటలుకు పిలిపించి, నిర్వహణ భరించలేక ఈఫిల్ టవర్‌ను తుక్కు కింద అమ్మేస్తున్నామనీ, విషయం రహస్యమనీ చెప్పి టెండర్లు పిలిచాడు. ప్వాసోన్ అనే వర్తకుడికి మొదట అనుమానం వచ్చింది గానీ, లుస్టిగ్ సొంతానికి లంచం అడగడంతో అది తీరిపోయింది; లంచం అడిగాడంటే అసలైన అధికారే అయి ఉండాలని అతని తర్కం. చిలమత్తూరు వ్యాపారికీ ఈ తర్కం కొత్తదేమీ కాదు, 'తెలిసినవాడు లేనిదే పని కాదు' అన్న నమ్మకమే పెద్దమనిషికి పెట్టుబడి.

డబ్బు పోయిన తొలి గంటల్లోనే సైబరు నేరాల సహాయ నంబరు 1930కు ఫోను చేస్తే ఆ సొమ్ము చేరిన ఖాతాను నిలిపివేయించే అవకాశం ఉంటుంది, కానీ మోసపోయినవాడు నలుగురూ నవ్వుతారని నోరు మూసుకుంటాడు. ప్వాసోన్ కూడా సిగ్గుపడి ఊరుకున్నాడు. ఆ ధైర్యంతో లుస్టిగ్ తిరిగొచ్చి అదే టవర్‌ను మళ్ళీ అమ్మబోయాడు. రెండోసారి మాత్రం ఒకడు పోలీసుల దగ్గరికి పోయాడు, లుస్టిగ్ దేశం వదిలి పారిపోయాడు.