పెన్నేటి ఇసుకలో పెట్టండి సభ

ప్లాస్టిక్ కాలుష్యాన్ని ఆపడానికి ప్రపంచ దేశాలు తిరగని ఊరు లేదు. 2022 మార్చి 2న నైరోబీలో 175 దేశాలు కూడి, 2024 చివరికల్లా అందరూ కట్టుబడే ఒప్పందం రాసుకుంటామని తీర్మానించాయి. ఆ మీదట ఉరుగ్వేలో కూర్చున్నారు, పారిస్‌లో కూర్చున్నారు, మళ్లీ నైరోబీ, ఆపైన ఒట్టావా, బూసాన్. గడువు దాటిపోయింది. 2025 ఆగస్టులో జెనీవాలో ఇంకో పది రోజులు కూర్చున్నారు. 15వ తేదీన, మనమిక్కడ జెండా ఎగరేసి మిఠాయిలు పంచుకున్న రోజున, వాళ్లక్కడ ఒప్పందం కుదరలేదని చెప్పి పెట్టెలు సర్దుకున్నారు.

ఇన్ని ఊళ్లు తిరిగినవాళ్లకు పామిడి ఎందుకు కనిపించలేదో అర్థం కాదు. 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉంది, గుత్తికీ అనంతపురానికీ నడుమ. సభకు చోటు చాలదేమోనన్న బెంగ అక్కర్లేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు పెన్నేరు పెన్నేరంతా ఖాళీయే, ఎంత పెద్ద షామియానా అయినా పడుతుంది. ఎండకు తాళలేనివాళ్లకు ఒడ్డునే భోగేశ్వరస్వామి గుడి ఉంది. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ పెడతాం. పార్సిల్ కావాలంటే మాత్రం చట్నీ కవర్లో కట్టిస్తారు, టీ కూడా పొగలు కక్కుతూ కవర్లోనే వస్తుంది. తర్వాత తగాదా వద్దు, ముందే చెబుతున్నాను.

ఇంకో సౌకర్యం జెనీవా సరస్సు ఒడ్డున దొరకనిది. సముద్రంలో కలిశాక వలలేసి వెతుక్కునే ప్లాస్టిక్‌ను ఇక్కడ బయల్దేరకముందే చూడొచ్చు. ఇసుకలో సగం కూరుకుపోయిన ఈ నల్ల కవరు తాడిపత్రి, గండికోట, మైలవరం, సోమశిల, నెల్లూరు మీదుగా బంగాళాఖాతం చేరాలి. కాకపోతే పెన్నేటికి నీళ్లు రావాలి. అవి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలీదు గనుక అంతర్జాతీయ ఒప్పందంలాగే అదీ ఉన్నచోటే పడుంది. ఆలోపు గడ్డి దొరకని ఏ ఆవో తినేస్తే సముద్రానికి ఆ మేరకు భారం తగ్గినట్టే.

జెనీవాలో తెల్లారిందాకా ఏం చేశారని అడుగుతారేమో. బ్రాకెట్లు పెట్టారు. ముసాయిదాలో ఎవరికి ఏ మాట గిట్టకపోతే ఆ మాట చుట్టూ బ్రాకెట్ పడుతుంది. 22 పేజీల కాగితం మధ్యలో ఒక దశకు 35 పేజీలైంది, బ్రాకెట్లు దాదాపు 1,500కు చేరాయి. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ఇట్లాంటి దస్తావేజు రాసే లేఖరికి మర్నాడు బేరం ఉండదు. అంతకుముందు పారిస్‌లోనైతే, రేపు ఎప్పుడైనా పేచీ వస్తే ఓటు పెట్టాలా వద్దా అన్నదాని మీదే రెండు రోజులు పేచీ పడ్డారు.

అసలు తగాదా ఒక్కటే. కొత్త ప్లాస్టిక్ తయారీని తగ్గిద్దామని బూసాన్‌లో వందకు పైగా దేశాలన్నాయి. చమురు దేశాలు ఆ ఊసే ఎత్తొద్దన్నాయి. ఎంతైనా తయారుచేద్దాం, చెత్త సంగతి మాత్రం మాట్లాడుకుందాం అని వాళ్ల వాదన. తయారీ మీద పరిమితి వద్దన్న పక్షానే మన దేశమూ నిలబడింది. జెనీవా సభలో చమురు, రసాయన పరిశ్రమల తరఫు మనుషులు 234 మంది ఉన్నారని పర్యావరణ న్యాయవాదుల సంస్థ ఒకటి లెక్క తీసింది. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ లెక్కలో 2019 నాటికే ప్రపంచం ఏడాదికి 46 కోట్ల టన్నుల ప్లాస్టిక్ చేస్తోంది. చెత్తగా మారినదాంట్లో మళ్లీ వాడకానికి వచ్చేది నూటికి 9 పాళ్లు. అంటే తయారీ జోలికి పోకుండా చెత్త ఒక్కటే పట్టుకోవడం వైన్ షాపుకు లైసెన్సిచ్చి, తూలేవాడి మీద కేసు రాసినట్టుంటుంది.

ఢిల్లీ మాత్రం ఊరుకుందా? 2022 జులై 1 నుంచి చెవి పుల్లలు, ఐస్‌క్రీం పుల్లలు, స్ట్రాలు, ప్లాస్టిక్ జెండాలు నిషేధం. స్వీటు డబ్బా మీద, శుభలేఖ మీద చుట్టే పల్చటి పొర కూడా నిషేధం. పామిడి నైటీల ఊరు కాబట్టి ఇక్కడో చిక్కొచ్చింది. శుభలేఖకు తొడిగితే నేరమైన పొర, నైటీకి తొడిగితే ప్యాకింగ్. జాబితాలో నైటీ లేదు మరి. ఊళ్లోకి వచ్చే లారీలూ పోయే లారీలూ ఆ న్యాయం మీదే నడుస్తున్నాయి.

క్యారీ బ్యాగు మందం కనీసం 75 మైక్రాన్లన్నారు, 2022 డిసెంబరు 31 నుంచి 120 అన్నారు. ప్లాస్టిక్ తక్కువ పోసి చేస్తే తప్పు, ఎక్కువ పోసి చేస్తే ఒప్పు. మందంగా ఉంటే మళ్లీ మళ్లీ వాడతారని దాని వెనక తర్కం. టమోటాలకు వచ్చి మైక్రాన్లు కొలిచే మనిషి మన సంతలో ఇంకా పుట్టలేదు.

చేను దగ్గర కథ వేరు. కరువు సీమ గనుక డ్రిప్పు పైపులకు సబ్సిడీ, మొక్కల మొదట్లో పరిచే మల్చింగ్ షీటుకు సబ్సిడీ. నీటి చుక్క విలువ తెలిసినవాడెవడూ దాన్ని తప్పుపట్టడు, నేనూ పట్టను. కానీ పంటయ్యాక చినిగిపోయిన ఆ షీటు ఏం చేయాలో చెప్పే అధికారి ఎవరో రైతుకు తెలీదు. గట్టు మీద వేసి అగ్గి పెడతాడు.

రాష్ట్రం సంగతీ చెప్పాలి. 2022 ఆగస్టు 26న పార్లే ఫర్ ది ఓషన్స్ అనే అంతర్జాతీయ సంస్థతో విశాఖలో ఒప్పందం జరిగింది. అదే రోజు తీరంలో 76 టన్నుల ప్లాస్టిక్ ఏరామన్నారు. ఇక ఫ్లెక్సీలుండవన్నారు, 2027కల్లా ప్లాస్టిక్ లేని రాష్ట్రమన్నారు. తర్వాత ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. ఫ్లెక్సీ మారలేదు, దాని మీద బొమ్మలు మారాయి.

ఇన్ని ఒప్పందాల బరువూ చివరికి దిగేది ఎక్కడయ్యా అంటే, మన బజారులో ఒక తోపుడు బండి మీద. మున్సిపాలిటీ వాళ్లొస్తారు, కవర్ల కట్ట లాక్కుంటారు, జరిమానా రాస్తారు.

“ఇవి నేను చేసినానా సామీ? అంగట్లో అమ్మితే కొన్నా” అంటుంది బండి అక్క.

“చట్టమమ్మా, మేమేం చేయాల?”

చట్టమంటే గుర్తొచ్చింది. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల ప్రకారం ప్రతి క్యారీ బ్యాగు మీదా తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం తెలిసేలా ఉండాలి. బండి మీది పల్చటి కవర్ల మీద అవేవీ ఉండవు. అయినా ఏదో ఒక ఫ్యాక్టరీలో కరెంటు కాల్చి, లారీకెక్కించి, హోల్‌సేల్ అంగడి దాటితేనే అవి ఇక్కడికొచ్చాయి. కాబట్టి పామిడి వాసులకు ఒక మనవి. ఈసారి కట్ట లాక్కోవడానికి వచ్చినప్పుడు ఎవరూ అడ్డం పోవద్దు, అరవద్దు. జరిమానా కట్టి రసీదు తీసుకుని, దాని మీద తయారీదారు పేరు కూడా రాసివ్వమని అడగండి.