స్పీడ్‌టెస్ట్ మొనగాడు

ఫైబర్ వచ్చాక హాలియా లాంటి ఊళ్లలో ఒక కొత్త రకం మనిషి తయారయ్యాడు. పెళ్లిళ్ల ఫొటో స్టూడియో ఇతనిది. వచ్చినవాళ్లకు కుర్చీ కంటే ముందు ఫోన్ చూపిస్తాడు: స్పీడ్‌టెస్ట్‌లో రెండొందల మెగాబిట్లు, అప్‌లోడూ అంతే. అంత లైను పెట్టుకుని, డాలస్‌లో ఉన్న పెళ్లికొడుకు అన్నకు 40 జీబీ వీడియో పంపబోతే రెండు రోజులు పడుతుంది. లెక్క ప్రకారం అరగంట పని. వెంటనే కేబుల్ పిలగానికి ఫోన్: "ఏంది తమ్మీ, లైన్ల ఏదో లొల్లుంది, మల్లొచ్చి చూడు." అతను వచ్చి మళ్లీ స్పీడ్‌టెస్ట్ కొడతాడు. మళ్లీ రెండొందలే. ఈ మొత్తం వ్యవహారంలో ఏ పాపం ఎరుగనిది ఆ లైనొక్కటే.

స్పీడ్‌టెస్ట్ పలకరించేది హైదరాబాద్‌లోని సర్వర్‌ను, అదీ ఒకేసారి నాలుగైదు కనెక్షన్లతో. డాలస్‌కు వెళ్లి రావడానికి సమాచారానికి పావు సెకను పడుతుంది. ఫైల్ పంపే ప్రోగ్రాం కొంత పంపి, అందిందన్న కబురు వచ్చేదాకా ఆగుతుంది. 1981 నాటి టీసీపీలో అలా ఒక్క విడతకు హద్దు 65,535 బైట్లు. పావు సెకనుకు అంతే కదిలితే తేలేది రెండు మెగాబిట్లు. లైను రెండొందలైనా, రెండు వేలైనా అంతే. లైను నిండాలంటే దారిలో ఎప్పుడూ ఆరు మెగాబైట్లకు పైగా ఉండాలి. కాలువ నిండుగా పారుతున్నా తూము జానెడే తెరిస్తే మడి తడవదని సాగర్ ఎడమ కాలువ కింద పుట్టిన మనిషికి ఒకరు చెప్పాలా? కంప్యూటర్ ముందు కూర్చోగానే మరిచిపోతాడు.

ఆ హద్దు 1992లోనే సడలిందిగా అని తెలిసినవాళ్లు అడ్డుతగులుతారు. సడలింది విండోస్‌లో, లినక్స్‌లో. ఇతని డెస్క్‌టాప్ మీద ఏ కాలం నుంచో ఉన్న ఆ ఫైల్ పంపే ప్రోగ్రాం, అదే క్లయింటు, మాత్రం తన చిన్న బఫర్‌ను తాను పట్టుకునే ఉంటుంది. ఎస్‌ఎఫ్‌టీపీ అయితే లోపలి ఎస్‌ఎస్‌హెచ్ తన హద్దు తాను పెట్టుకుంటుంది. బఫర్ పెంచితేనో, కొత్త వెర్షన్ వేసుకుంటేనో సగం గోల తీరుతుంది. "మరి సినిమా ఆగకుండ నడుస్తది కద?" అన్నది ఇతని బ్రహ్మాస్త్రం. సినిమాకు ఐదారు మెగాబిట్లు చాలు, పైగా అది వచ్చేది దగ్గరి సర్వర్ నుంచి. మూడు వేల ఫొటోల కథ వేరు: ఒక్కోదానికి నాలుగుసార్లు అటూ ఇటూ కబుర్లు నడిస్తే, ఆ ఎదురుచూపే యాభై నిమిషాలు. జిప్ చేయమంటే నవ్వుతాడు, "ఫొటోలు జిప్ చేస్తే తగ్గుతయా?" అని. తగ్గవు. కానీ మూడు వేల ఫైళ్లు ఒక్కటవుతాయి. అది ఇష్టం లేకపోతే ఒకేసారి పది ఫైళ్లు పంపేలా సెట్టింగ్ మార్చుకోవచ్చు. పెద్ద వీడియో ఒక్కటే ఉంటే మాత్రం ఆ చిట్కా పారదు.

ఇవేవీ చేయడు. పెళ్లికొచ్చిన బంధువు సూట్‌కేసులో హార్డ్‌డిస్క్ పెట్టి పంపుతాడు. నవ్వొస్తుంది గానీ, హాలియా నుంచి శంషాబాద్ మీదుగా డాలస్‌కు ముప్పై గంటలనుకుంటే ఆ సూట్‌కేసు వేగం దాదాపు మూడు మెగాబిట్లు. ఇతని క్లయింటుది రెండు.