ఇరవై ఒక్క అంకెల సంఖ్యను పగలగొట్టడం ఎలా?

ముందు సంఖ్యను సిద్ధం చేసుకోండి. రెండును 67 సార్లు వేసి గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేయండి. 14,75,73,95,25,89,67,64,12,927 వస్తుంది. పైకి చదవబోకండి, ఊపిరి దండగ.

ఇది ప్రధాన సంఖ్యా కాదా అన్నదే మన గొడవ. తేల్చడానికి అన్నిటికన్నా సులువైన మార్గం, ప్రధాన సంఖ్యేనని ప్రకటించేయడం. పారిస్‌లో ఉండే మెర్సెన్ అనే సన్యాసి 1644లో చేసింది అదే. ఇలా రెండు ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యల జాబితా రాస్తూ, 67ను కూడా అందులో చేర్చేశాడు. ఆ జాబితాలో రెండు అనర్హంగా దూరాయి, అర్హత ఉన్న మూడు జారిపోయాయి. అయినా ఆ జాతి సంఖ్యలన్నిటికీ ఇవాళ్టికీ ఆయన పేరే. కాబట్టి తప్పు చెప్పడానికి జంకకండి. అది తప్పని తేలడానికి రెండు వందల ఏళ్లు పట్టేలా మాత్రం చూసుకోండి.

ఇంకొంచెం పరువుగా ఉండాలంటే లూకా అనే గణితజ్ఞుడి దారి పట్టండి. 1876లో ఈయన ఇది ప్రధాన సంఖ్య కాదని నిరూపించాడు, దేనితో భాగించాలో మాత్రం చెప్పలేదు. ఇంట్లో దొంగ ఉన్నాడని తేల్చేసి, పేరు చెప్పకుండా వెళ్లిపోయిన ఎస్సైగారి పద్ధతి.

అంకెలు కూడితే 109. మూడుతో పోదు. మళ్లీ కూడితే పది, ఇంకోసారి కూడితే ఒకటి. న్యూమరాలజీ వారికి ఇక్కడితో పని పూర్తయింది, ఫీజు తీసుకోవచ్చు.

మొండివాళ్లకు అసలు పని ఇప్పుడు మొదలు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 134తో భాగిస్తే ఒకటి మిగలాలి. అంటే 135, 269, 403... ఇలా 134 చొప్పున ఎక్కుతూ పోతే చాలు, మిగతావి ముట్టుకోనక్కర్లేదు. ఎంత వెసులుబాటో చూడండి! సరిగ్గా 14,45,580వ మెట్టు మీద దొరుకుతుంది. ఒక్కో భాగహారానికి పది నిమిషాలేసుకున్నా, తిండీ నిద్రా మానేస్తే ఇరవై ఏడేళ్లు దాటి కొన్ని నెలలు.

అమెరికాలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ఆచార్యుడికి అంత తీరిక లేదు. వర్గ శేషాలతో వడపోత పెట్టి, మూడేళ్ల ఆదివారాలతో సరిపెట్టాడు. తర్వాత 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన గణిత సభలో ఆయన వేదికెక్కి నోరు విప్పలేదని చెప్పుకుంటారు. బోర్డుకు ఒకవైపు రెండు ఘాతం లెక్క కట్టి ఒకటి తీసేశాడు. రెండోవైపు 19,37,07,721ని 7,61,83,82,57,287తో చేత్తో గుణించాడు. రెండూ ఒకటే. వెళ్లి కూర్చున్నాడు. చప్పట్లు మోగాయి, ప్రశ్న అడిగినవాడు లేడు. వెతకడానికి మూడేళ్లు పట్టింది, సరిచూడ్డానికి ఒక్క గుణకారం చాలింది. ఈ కిటుకు మన సభల్లో పనిచేస్తుందని మాత్రం హామీ ఇవ్వలేం. మాట్లాడకుండా దిగిపోతే శాలువా ఎప్పుడు కప్పాలో నిర్వాహకులకు తోచదు.

ఈ పని ఇప్పుడు ఫోనుకిస్తే తేలిగ్గా చేసిపెడుతుంది గనక మీకు కొత్త సంఖ్య కావాలి. రెండును 1277 సార్లు వేసి గుణించి ఒకటి తీసేయండి. 385 అంకెలు. ప్రధాన సంఖ్య కాదని రుజువైంది, కారణాంకం ఒక్కటీ ఎవరికీ చిక్కలేదు. కాగితాలు కొనుక్కునే ముందు, రాబోయే ఆదివారాల గురించి ఇంట్లో ఒక మాట అడిగి చూడండి.